రచన ఎవరి సొత్తు? ఎంతకాలం?

ఒక పుస్తకాన్ని మనం డబ్బిచ్చి కొంటాం. కాగితం మనదయింది, అట్ట మనదయింది. మరి అందులోని రచన కూడా మనదే అయిపోయిందా? దాన్ని జిరాక్సు తీయించి పదిమందికి అమ్ముకోవచ్చా? పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి, పిడిఎఫ్‌గా మార్చి, ఊరంతటికీ వాట్సాప్‌లో పంపవచ్చా? "మంచి మాటలే కదా, ఎంతమందికి చేరితే అంత పుణ్యం కదా!" అని కొందరంటారు. "రాసినవాడి కష్టాన్ని దొంగిలించి చేసే పుణ్యం ఏం పుణ్యం?" అని మరికొందరంటారు. ఇంకా కొందరు రెండో అంచుకు పోతారు. ఎప్పుడో మరణించిన రచయిత పుస్తకాన్ని అచ్చు వేసి, "సర్వహక్కులు మావి" అని మొదటి పేజీలో రాసుకుంటారు.

ఇది చట్టానికి మాత్రమే సంబంధించిన సంగతి అనుకోరాదు. ఇది హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే తోటి మనుషుల హక్కులకు సంబంధించిన సంగతి. మనిషి హక్కును కాజేస్తే ఆ మనిషి క్షమించే వరకూ ఆ భారం మన మెడ మీదే ఉంటుందని చిన్నప్పటి నుంచీ మనం నేర్చుకున్నాం. కాబట్టి రచయిత హక్కు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో, ఆ తర్వాత సమాజం హక్కు ఏమిటో తెలుసుకోవటం అవసరం. ఈ రెండు హక్కుల్లో దేన్ని కాలరాసినా అన్యాయమే.

రూమా బావి నేర్పే పాఠం

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మదీనాకు వచ్చిన తొలి రోజుల్లో అక్కడ మంచినీటికి ఇబ్బందిగా ఉండేది. రూమా అనే బావిలో తీపి నీళ్ళుండేవి. కాని దానికి ఒక యజమాని ఉన్నాడు, నీళ్ళు అమ్ముకునేవాడు. డబ్బు లేని పేదలకు అవి అందేవి కావు. ఆ బావిని కొని, అందరి చేదతో పాటు తన చేదనూ సమానంగా దించుకునేవారికి స్వర్గంలో అంతకన్నా మేలైనది లభిస్తుందని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చి తన సొంత ధనంతో ఆ బావిని కొని ప్రజల కోసం వదిలేశారు.

ఈ సంఘటనలో రెండు విషయాలను జాగ్రత్తగా గమనించాలి. మొదటిది: బావి యజమాని మీద ఎవరూ దౌర్జన్యం చేయలేదు. నీళ్ళు అందరికీ అవసరమే అయినా, "ఇది అందరిదీ" అంటూ గుంపుగా పోయి ఆక్రమించుకోలేదు. అతనికి వెల చెల్లించారు. రెండవది: వెల చెల్లించిన తర్వాత ఆ బావికి కొత్త యజమాని తయారు కాలేదు. ఉస్మాన్ (రజి) తన చేదను కూడా అందరి చేదల సరసనే ఉంచారు.

రచనల విషయంలో మనం వెదుకుతున్న న్యాయం సరిగ్గా ఇదే. తవ్వినవాడికి వెల దక్కాలి. ఆ తర్వాత ఊట అందరిదీ కావాలి. పైగా నీటికి, జ్ఞానానికి ఒక తేడా ఉంది. బావిలోంచి ఒక కడవ తోడితే ఒక కడవ తగ్గుతుంది. జ్ఞానం అలా తగ్గేది కాదు. ఒక దీపంతో వంద దీపాలు వెలిగించినా మొదటి దీపం వెలుగు తరగదు. అందుకే జ్ఞానాన్ని ఎల్లకాలం బంధించి ఉంచటానికి, నీటిని బంధించటానికున్న పాటి సాకు కూడా లేదు.

చట్టం ఏమంటోంది?

రచయిత హక్కు శాశ్వతం కాదన్న సూత్రం ఈ చట్టాల పుట్టుకలోనే ఉంది. 1710లో ఇంగ్లండులో అమలులోకి వచ్చిన తొలి కాపీరైటు చట్టం కొత్త పుస్తకాలకు 14 ఏళ్ళ హక్కు ఇచ్చింది. గడువు తీరేనాటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్ళు. అంతకుముందు అక్కడి పుస్తక వర్తకులు ఒక పుస్తకం మీద హక్కు ఎప్పటికీ తమదేనని భావించేవారు. ఆ పట్టును సడలించటం కూడా ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి.

మన దేశంలో ఇప్పుడు అమలులో ఉన్నది 1957 నాటి కాపీరైటు చట్టం. దీని ప్రకారం రచయిత బతికి ఉన్నంతకాలం, ఆయన మరణించిన తర్వాత మరో 60 ఏళ్ళు ఆ రచన మీద హక్కు ఆయనకు, ఆయన వారసులకు ఉంటుంది. ఈ 60 ఏళ్ళను మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు ఒక రచయిత 1960లో మరణిస్తే ఆయన రచనల మీద హక్కు 2020 డిసెంబరు 31తో తీరిపోతుంది. మర్నాటి నుంచి ఆ రచనలు ప్రజల ఉమ్మడి సొత్తు. ఎవరైనా అచ్చు వేయవచ్చు, అనువదించవచ్చు, నాటకంగా మలచవచ్చు, చదివి రికార్డు చేసి వినిపించవచ్చు.

ఈ గడువు మొదట 50 ఏళ్ళే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో ముగియబోతుండగా గడువును 60 ఏళ్ళకు పెంచారు. ఒక్క మహాకవి రచనల కోసం జరిగిన మార్పు దేశంలోని రచయితలందరికీ వర్తించింది. అంటే అప్పుడు ఉమ్మడి సొత్తులోకి రావలసిన ఎన్నో పుస్తకాలు మరో 10 ఏళ్ళు ఆగిపోయాయి. గడువు పెంచిన ప్రతిసారీ ఎవరో ఒకరు లాభపడతారు. నష్టపోయే పాఠకుడు మాత్రం ఎవరి కంటికీ కనిపించడు.

గడువు లోపల కూడా చట్టం కొన్ని తలుపులు తెరిచే ఉంచింది. సొంత చదువు కోసం, పరిశోధన కోసం న్యాయమైన మేరకు నకలు తీసుకోవచ్చు. ఒక పుస్తకాన్ని విమర్శిస్తూ అందులోని కొంత భాగాన్ని ఉదహరించవచ్చు. పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడు వాడుకోవచ్చు. 2012లో వచ్చిన సవరణ అంధులకు, ఇతర వికలాంగులకు అనువైన రూపంలోకి రచనలను మార్చటానికి వీలు కల్పించింది. పాఠ్యభాగాల జిరాక్సుల మీద పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి ఒక జిరాక్సు దుకాణం పైనా, విశ్వవిద్యాలయం పైనా దావా వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు వైపే మొగ్గింది. 2017లో ఆ సంస్థలు తమ దావాను ఉపసంహరించుకున్నాయి.

మరొక ముఖ్య విషయం. హక్కు ఉన్నది రాసిన తీరు మీదే గాని ఆలోచన మీద కాదు. ఒక విషయాన్ని ఒకరు రాశారు గనుక అదే విషయం మీద మరొకరు రాయకూడదని ఎవరూ అనలేరు. వాస్తవాలకు యజమాని లేడు.

ధర్మవేత్తలు ఏమన్నారు?

పూర్వకాలపు ముస్లిం సమాజంలో పుస్తకాలకు నకళ్ళు రాసి అమ్మే 'వర్రాఖులు' ఉండేవారు. బాగ్దాదులో వారికి ప్రత్యేకంగా ఒక బజారే ఉండేది. నకలు తీయటానికి నిషేధం లేదు. కాని రెండు కట్టుబాట్లు గట్టిగా ఉండేవి. ఎవరి మాటను వారి పేరుతోనే చెప్పాలి. మాటను మార్చి చెప్పకూడదు. ఎవరి నుంచి ఎవరు విన్నారో వరుసగా పేర్లు చెప్పే ఇస్నాద్ పద్ధతి, గురువు శిష్యునికి గ్రంథాన్ని బోధించేందుకు ఇచ్చే ఇజాజత్ ఈ నిజాయితీ కోసం ఏర్పడినవే.

అచ్చుయంత్రం వచ్చాక సమస్య మారింది. ఒకరు ఏళ్ళ తరబడి కష్టపడి రాసి, అప్పు చేసి అచ్చు వేయిస్తే, మరొకరు అదే పుస్తకాన్ని చౌకగా అచ్చు వేసి అమ్మటం తేలికయింది. రచన అనేది చేతికి దొరికే వస్తువు కాదు కదా, దాని మీద హక్కును అమ్మవచ్చా అని ఉలమాలలో చర్చ జరిగింది. జ్ఞానాన్ని దాచరాదన్న హెచ్చరికను గుర్తు చేస్తూ కొందరు దీనికి ఒప్పుకోలేదు. చివరకు ఇస్లామీయ దేశాల సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖహ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన తన 5వ సమావేశంలో దీన్ని పరిశీలించింది. రచన, ఆవిష్కరణల మీద హక్కులకు షరీఅత్ గుర్తింపు ఉందనీ, వాటిని అతిక్రమించటం తగదనీ తీర్మానించింది.

ఈ రెండు వాదనలు ఒకదానికొకటి శత్రువులు కావు. మనిషి మరణించాక కూడా పుణ్యం అందించే మూడింటిలో, ఇతరులకు మేలు చేసే జ్ఞానం ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు. రచయిత బతికుండగా ఆ జ్ఞానం ఆయన ఇంటికి అన్నం పెట్టవచ్చు. మరణానంతరం మాత్రం అది ఎంతమందికి చేరితే ఆయనకు అంత లాభం. బీరువాలో బందీ అయిన పుస్తకం ఆయన ఖాతాలో ఏం జమ చేస్తుంది?

చీరాల రుమాలు చెప్పే సాక్ష్యం

ఉమ్మడి సొత్తు విలువ ఎంతో తెలుసుకోవటానికి పుస్తకాల దాకా కూడా పోనక్కరలేదు. మన చీరాల మగ్గాన్ని చూస్తే చాలు. నూలును నూనెలో, బూడిద నీళ్ళలో పదేపదే నానబెట్టి, పడుగుకూ పేకకూ రెంటికీ ముందే ముడులు కట్టి రంగులద్ది, ఎరుపు నలుపు తెలుపుల్లో నేసిన చతురస్రపు రుమాళ్ళకు ఒకప్పుడు చీరాల పెట్టింది పేరు. వాటినే తేలియా రుమాలు అన్నారు. అవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయి అక్కడివారి తలపాగాలయ్యాయి. ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్న పద్మశాలీ, దేవాంగుల చేతిపని అక్కడ నమాజు చేసేవారి తల మీద గౌరవంగా నిలిచింది.

ఆ ముడుల లెక్కకు ఒక్కరే యజమాని లేరు. తండ్రి కొడుక్కి, మామ అల్లుడికి, పనివాడు పక్కింటి పనివాడికి నేర్పుకుంటూ వచ్చిన విద్య అది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఆ విద్య చీరాల నుంచి నల్గొండ ప్రాంతానికి పాకింది. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మీద కొత్త ప్రాణం పోసుకుంది. తర్వాత విదేశీ బేరం పడిపోయి చీరాలలో ఆ నేత సన్నగిల్లింది. కాని విద్య చావలేదు, పుట్టపాకలో బతికే ఉంది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒక్క కుటుంబమో, ఒక్క కంపెనీయో ఆ విద్యను పెట్టెలో పెట్టి తాళం వేసుకుని ఉంటే, చీరాలలో బేరం పోయిన నాడే అది కూడా సమాధి అయ్యేది. అందరిదీ కావటం వల్లనే అది మిగిలింది.

ఐతే ఇందులో ఒక బాధ్యత కూడా ఉంది. పుట్టపాక నేతగాళ్ళు తమ చెమటతో దాన్ని కాపాడారు, ఆ గుర్తింపుకు వారు అర్హులే. అదే సమయంలో ఈ విద్య కథ చెప్పేటప్పుడు చీరాల పేరు మరచిపోవటం న్యాయం కాదు. ఉమ్మడి సొత్తు అంటే వెల లేనిది అనుకోవచ్చు గాని, పేరు లేనిది అనుకోరాదు. ఇస్నాద్ పుస్తకాలకే కాదు, పనికీ ఉండాలి.

పాత నమూనాను ఎవరైనా వాడుకోవచ్చు. కాని మిల్లులో అచ్చొత్తిన గుడ్డను చేనేత అని చెప్పి అమ్మటం మాత్రం తూకంలో మోసం లాంటిదే. ఇక నేతగాడు సొంతంగా కొత్త నమూనా తీర్చిదిద్దితే, దాన్ని మార్కెట్టులోకి వదలక ముందే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. దానితో 10 ఏళ్ళు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్ళు రక్షణ ఉంటుంది. అక్కడ కూడా గడువు ఉందని గమనించండి.

రెండు తాళాలు

పుస్తకానికి వేసే తాళాలు రెండు. ఒకటి హక్కుదారు వేసేది. రెండవది ప్రభుత్వం వేసేది. గుంటూరు సీమకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నవల ఈ రెండింటినీ చూసింది. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళినప్పుడు ఆయన రాసిన ఆ నవల 1922లో అచ్చయింది. అంటరానివారిగా చూడబడిన ఒక కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో కొంత సడలించినా మళ్ళీ నిషేధం పెట్టింది. 1937లో రాజాజీ నాయకత్వంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక గాని అది పూర్తిగా తొలగలేదు.

ఉన్నవ వారు 1958లో కన్నుమూశారు. దాంతో మొదటి తాళం గడువు 2018 డిసెంబరు 31తో తీరింది. 2019 జనవరి 1 నుంచి 'మాలపల్లి' తెలుగువారందరి సొత్తు. ఒకనాడు దగ్గర ఉంచుకోవటానికే భయపడిన పుస్తకాన్ని ఈనాడు ఏ పల్లెటూరి గ్రంథాలయమైనా సొంతంగా అచ్చు వేయించుకోవచ్చు.

దౌర్జన్యపరుడైన పాలకుని ముందు న్యాయమైన మాట పలకటం గొప్ప జిహాద్ అని మనకు బోధించబడింది. ఆ మాట పలకాలంటే పాలకుల పుస్తకాలనూ, ప్రసంగాలనూ ఉదహరించి తప్పు చూపించే వీలుండాలి. విమర్శ కోసం ఉదహరించే హక్కును కాపీరైటు చట్టమే కాపాడటం అందుకే. కాపీరైటు పేరుతో విమర్శకుల నోరు నొక్కటం ఆ చట్టం ఉద్దేశం కాదు. అలాగే మన రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ, నిరాధారమైన నిందలు వేయటానికి ఇచ్చిన అనుమతి కాదు. విన్న వార్తను విచారించకుండా నమ్మరాదని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది. ఫార్వర్డ్ మీట నొక్కే వేలికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

వేటపాలెం అలమారాలు

చీరాల పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. మరెక్కడా తేలికగా దొరకని పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు అక్కడ ఉన్నాయని దూరప్రాంతాల నుంచి పరిశోధకులు వెదుక్కుంటూ వస్తారు. చెక్క గుజ్జుతో చేసిన పాత కాగితం తనలోని ఆమ్లంతోనే పసుపెక్కి, పెళుసెక్కి రాలిపోతుంది. దానికి తోడు సముద్రపు తేమగాలి. కాగితం గడువు, చట్టం గడువు రెండూ పరుగు పందెంలో ఉన్నాయనుకోండి. చట్టం గడువు ముందు తీరితే ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి లోకానికి అందించవచ్చు. కాగితం గడువు ముందు తీరితే హక్కు మిగులుతుంది గాని పుస్తకం మిగలదు.

తెలుగులో ఖుర్ఆన్‌కు తొలి అనువాదకుడిగా పేరు పొందినవారు చిలుకూరి నారాయణరావు గారు. హిందూ కుటుంబంలో పుట్టిన పండితుడు. 1950ల ఆరంభంలో ఆయన కన్నుమూశారు. ఆయన అనువాదం మీద హక్కు గడువు ముగిసింది. దానిలోని లోటుపాట్లను ధర్మవేత్తలు పరిశీలించవచ్చు గాని, తెలుగు ముస్లింల చరిత్రలో భాగమైన ఆ శ్రమను భద్రపరచటానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అవసరం లేదు. ఐతే ఇటీవలి అనువాదాల సంగతి వేరు. ఖుర్ఆన్ మూలం ఏ మనిషి సొత్తూ కాదు. అనువాదకుని మాటలు మాత్రం గడువు వరకు ఆయనవే.

మనం చేయవలసింది

1. అమ్మకంలో ఉన్న పుస్తకాన్ని కొనాలి. కొన్న ప్రతిని పదిమందికి అరువిచ్చి చదివించండి, దానికి అడ్డు లేదు. మొత్తం పుస్తకాన్ని పిడిఎఫ్ చేసి పంచకండి. తెలుగులో ధార్మిక పుస్తకాలు వేసే చిన్న సంస్థలకు 100 ప్రతులు అమ్ముడుపోవటం, పోకపోవటం కూడా పెద్ద తేడాయే. మొదటి ముద్రణ అమ్ముడుపోకపోతే రెండవ పుస్తకం రాదు.

2. అచ్చులో లేని పుస్తకం కావలసివస్తే రచయితను, లేదా వారసులను అడగండి. ఒక ఉత్తరం, ఒక ఫోను చాలు. అడిగితే సంతోషంగా ఒప్పుకునేవారే ఎక్కువ.

3. పాత పుస్తకం కనిపిస్తే రచయిత మరణించిన సంవత్సరం తెలుసుకోండి. దానికి 60 కలపండి. గడువు తీరి ఉంటే దాన్ని చెదలకు వదలకండి. స్కాన్ చేయించండి. తెలుగు వికీసోర్స్ వంటి చోట్ల ఇలాంటి పుస్తకాలను అక్షరబద్ధం చేస్తున్నారు. చదువుకున్న మన పిల్లలు రోజుకు ఒక పేజీ సరిచూసినా అది మేలు చేసే పనే.

4. ఎవరి మాటను పంపినా వారి పేరుతోనే పంపండి. పేరు కత్తిరించి పంపటం, ఒకరి మాటకు మరొకరి పేరు తగిలించటం గడువు లోపలా తప్పే, గడువు తీరాకా తప్పే.

5. రచయితలు, వక్తలు, నాత్‌లు పాడేవారు తమ హక్కును తామే వదులుకోవచ్చు. ఇందుకు 1957 చట్టం 21వ సెక్షను వీలు కల్పిస్తోంది. కాపీరైటు రిజిస్ట్రారుకు గాని, బహిరంగ ప్రకటన ద్వారా గాని తెలియజేస్తే సరిపోతుంది. పూర్తిగా వదులుకోవటం ఇష్టం లేకపోతే, "నా పేరు చెప్పి ఎవరైనా ఉచితంగా పంచుకోవచ్చు" అన్న షరతుతో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేయవచ్చు. అచ్చు ఖర్చులు తిరిగి వచ్చిన తర్వాత ఒక పుస్తకాన్ని ఇలా విడిచిపెడితే అది రూమా బావి లాంటి వక్ఫే కదా!

6. గడువు తీరిన రచనను తిరిగి అచ్చు వేసేవారు కొత్తగా రాసిన ముందుమాట మీద, వివరణల మీద హక్కు కోరవచ్చు. మూలం మీద 'సర్వహక్కులు మావి' అని రాసుకోరాదు. అది అందరి బావికి సొంతంగా గిలక బిగించి తాళం వేయటమే.

గడువు లోపల దోచుకోరాదు. గడువు తీరాక దాచుకోరాదు. ఈ రెండు మాటలు మన పిల్లలకు నేర్పుదాం. మొదటిది నేర్వకపోతే రేపు రాసేవారు ఉండరు. రెండవది నేర్వకపోతే నిన్న రాసినవారు మిగలరు. తోటివారి హక్కును వారికి చెల్లించే నిజాయితీని, మనకు దక్కిన మేలును పదిమందితో పంచుకునే విశాల హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.